పదకొండు నెలల మొక్కు

పోయినవి ముందు చెప్పేస్తాను. ప్రెషర్ కుక్కరు ఒకటి, ఇత్తడి బిందెలు రెండు, టేబుల్ ఫ్యాను ఒకటి, వదిన కాలి పట్టీలు ఒక జత, నాన్న మద్రాసులో కొన్న గోడగడియారం. దాని తాళంచెవి మాత్రం మా దగ్గరే మిగిలిపోయింది. అన్నయ్య ముందుపళ్ళు రెండు. మా ఇంటికి రాకపోకలు మానేసిన బంధువుల ఇళ్ళు ఆరు. నాకు కుదిరినట్టే కుదిరి వెనక్కిపోయిన సంబంధాలు మూడు. అమ్మకు ఎడమచెవి వినికిడి. అన్నయ్య ఒకసారి చెయ్యి చేసుకున్న వైపు అది, కానీ జలుబు దిగి అలా అయిందని అమ్మ చివరిదాకా చెప్పేది, మేమూ అలాగే అనేవాళ్ళం. ఆఖరికి, ముప్పై మూడో ఏట, అన్నయ్య. కుక్కర్లనూ మనుషులనూ ఒకే వరసలో వెయ్యకూడదని నాకూ తెలుసు. అయినా ఏం పోయిందని ఎవరైనా అడిగితే నేను ఇలాగే చెప్పగలను. ఇందులో ఒక పదకొండు నెలలు కలపలేదు. వాటిని పోయినవాటిలో వెయ్యాలని అమ్మ, వెయ్యకూడదని నేను. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ ఒక్క లెక్క మా ఇద్దరికీ కుదరలేదు.

నాకు లెక్కలు బడిలో రాలేదు. పదో తరగతి తప్పిందే లెక్కల్లో. తర్వాత ఇల్లే నేర్పింది. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు ఎన్ని బిందెలు పడితే ఎన్నాళ్ళు గడుస్తుందో, డబ్బాలో ఎన్ని గ్లాసుల బియ్యం ఉంటే నెలాఖరు దాకా వస్తాయో మనసులోనే వేసుకునేదాన్ని. అలా వేసీ వేసీ, సినిమాలకు బట్టలు అద్దెకిచ్చే దుకాణంలో లెక్కలు చూసే పని దొరికింది. ఇప్పటికీ అదే నా తిండి.

పోయిన నెల అమ్మ సంవత్సరీకం అయ్యాక ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. చీరల అడుగున కర్పూరం వాసన పట్టిన పసుపు గుడ్డ మూట కనబడింది. విప్పకుండానే తెలిసింది, లోపల రూపాయి పావలా ఉంటుందని. అమ్మవారికి మొక్కుకున్నప్పుడు ఇలా ముడివేసి పటం దగ్గర వేలాడదీస్తారు, మొక్కు తీరాక విప్పి హుండీలో వేస్తారు. అన్నయ్య కోసం అమ్మ రెండుసార్లు ముడుపు కట్టింది. నా చేతిలో ఉన్నది రెండోది. మొదటిది విప్పినప్పుడు చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, మా వదిన బాలమణీ. వదినకు ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నాను.

మేము తెనాలి వైపు వాళ్ళం. నాన్న మద్రాసులో సినిమా సెట్లు వేసే వడ్రంగి. నాన్న పోయాక, తెలుగు సినిమాలు ఒక్కొక్కటే హైదరాబాదు దారి పడుతున్న రోజుల్లో, అన్నయ్య సాంబశివరావు అమ్మనూ నన్నూ యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్‌కు తీసుకొచ్చాడు. రెండు గదుల పోర్షను, నాలుగిళ్ళకు ఒకే స్నానాలగది. పొద్దున్నే వీధంతా బొగ్గు ఇస్త్రీపెట్టెల వాసన, ఉప్మా వాసన, మేకప్పు డబ్బాలు పట్టుకుని బస్సు కోసం పరుగెత్తేవాళ్ళ పౌడరు వాసన. ఎగువన జూబ్లీహిల్స్ అప్పటికి సగం రాళ్ళే. ఫిల్మ్‌నగర్‌లో కట్టీ కట్టని బంగళాల మధ్య మేకలు మేసేవి. అన్నయ్య ప్రాపర్టీ అసిస్టెంటు. సీనులో మనుషులు కాక కనబడే సామానంతా ప్రాపర్టీయే. కళ్ళజోడు కావాలన్నా పాడె కావాలన్నా ఆ మనిషే తేవాలి.

వదినది బోరబండ. స్టూడియో గేటు ఎదురుగా వాళ్ళ నాన్న టీ బండి పెడితే, గ్లాసులు అందించేది. అన్నయ్య రోజుకు ఎనిమిది టీలు తాగి మరీ ఆమెను చేసుకున్నాడు. భాష వేరు, కులం వేరు అని అమ్మ ఆరు నెలలు కోడలితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, ఎందుకంటే అప్పటికి అన్నయ్య సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి అవసరమైంది. సాయంత్రం ఆ రోజు కూలి, బత్తా చేతిలో పడితే అన్నయ్య సారా దుకాణం దాటి ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ సంవత్సరాల గురించి పైన చెప్పిన లెక్క చాలు.

ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో నెల రోజులుంచి తాగుడు మాన్పించే వైద్యం చేశారు. వదినే తీసుకెళ్ళింది, వదినే తీసుకొచ్చింది. విజయదశమి నాడు ఇంటికి వచ్చాడు. గడ్డం గీసుకుని, చొక్కా వదులై, కొత్తగా అద్దెకు దిగినవాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ సాయంత్రమే అమ్మ కొండమీది పెద్దమ్మ గుడికి వెళ్ళి మొక్కుకుంది. వచ్చే దసరా దాకా కొడుకు చుక్క ముట్టకపోతే నూటెనిమిది కొబ్బరికాయలు. ఇంటికొచ్చి ముడుపు కట్టి పటం మేకుకు తగిలించింది.

తాగుడు మానడమంటే ఒకరోజు మానేసి ఊరుకోవడమనుకున్నాను. ఆ ఏడాది చూశాక తెలిసింది, అది ఇంటిల్లిపాదికీ పని. అన్నయ్య చేతులు వణికేవి, అందుకని అమ్మ గ్లాసు సగమే నింపేది. తీపి మీద పిచ్చి కోరిక పుట్టేది. బెల్లం డబ్బా వారానికోసారి ఖాళీ. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మహా కష్టంగా ఉండేది. ఆ వేళకు వదిన ఏదో ఒక పని పెట్టేది, నులకమంచం బిగించమనీ, కందిపప్పులో రాళ్ళు ఏరమనీ. ఒక్కోసారి ఏరిన పప్పులోనే మళ్ళీ రాళ్ళు కలిపి ఇచ్చేది. అన్నయ్యకు తెలుసు. తెలిసీ ఏరేవాడు. అమ్మ దగ్గుమందు సీసా బియ్యం డబ్బాలో దాచేది, అన్నయ్య తాగి పెట్టిన ప్రతి గ్లాసూ వాసన చూసేది. అది చూసి అన్నయ్య ఒకసారి గ్లాసు గోడకేసి కొట్టాడు. ఆ రోజు వదిన అమ్మతో అంది:

"అత్తమ్మా, ఇప్పటి సంది వాసన జూసే పని నాది. మీరు జూడొద్దు. అమ్మ అనుమానపడితే కొడుకు ఏడికి పోతడు?"

ఆసుపత్రి వాళ్ళు ఒక గోలీ ఇచ్చారు. అది వేసుకున్నాక మందు కడుపులో పడితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. దాన్ని రోజూ పొద్దున టీతో పాటు వదిన అన్నయ్య చేతిలో పెట్టేది, మింగేదాకా ఎదురుగా నిలబడేది. బత్తా కూడా అన్నయ్య చేతికి రాకుండా గేటు దగ్గర వదినే తీసుకునేది. దానికి వీధిలో నవ్వులు. "ఫారిన్ రిటర్న్‌డ్ లాగా మనోడు ఎర్రగడ్డ రిటర్న్‌డ్" అని కేకలేసేవారు. అన్నయ్య మొదట్లో తలొంచుకుని వెళ్ళేవాడు. వేసవి వచ్చేసరికి, "అవునురా, అక్కడ మీ అందరికీ మంచాలు చెప్పొచ్చాను" అనడం నేర్చుకున్నాడు. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పినప్పుడు, చాలాకాలానికి, పళ్ళు లేని సందు కనబడేలా నవ్వాడు.

ఆ వేసవిలోనే అతన్ని సీసాల పనిలో పెట్టారు. సినిమాలో తాగుడు సీనుంటే గ్లాసుల్లో ఉండేది పాలు కలపని టీ డికాషన్. విస్కీకి పలచగా, రమ్ముకు చిక్కగా. కానీ లేబులు కొత్తగా కనబడాలని సీసాలు దుకాణం నుంచి నిండువే తెచ్చేవారు. లోపలి సరుకు డబ్బాలోకి వంపి, సీసాలో డికాషన్ పోసేవారు. ఆ డబ్బా సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు గారి అతిథులకు. అయితే వంపేవాళ్ళ చేతిలో అది ఎప్పుడూ సగమయ్యేది. మేనేజరు గారు విసిగిపోయి ఒకరోజు అందరి ముందూ అన్నారట:

"ఇకనుంచి ఈ పని సాంబడికి. వాడు ముట్టడు కాబట్టి చుక్క తగ్గదు."

అన్నయ్య ఆ రోజు మెట్లెక్కుతూనే అమ్మను కేకేశాడు. "సీసాల బీరువా తాళాలు నాకిచ్చారమ్మా! యూనిట్లో ఇంతమంది ఉండగా నన్నే నమ్మారు." అమ్మ దిష్టి తీసింది. వదిన ఒక్కతే పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. అక్కడినుంచే అంది:

"పిల్లి పాలు మానేసిందని సంబురంతోని, పాలగిన్నె తెచ్చి దాని ముంగటనే పెట్టిండ్రు."

"అంటే నన్ను నమ్మవా?" అన్నాడు అన్నయ్య.

"నిన్ను నమ్ముత. గా గిన్నెను నమ్మ."

వద్దంటే అతనికి దొరికిన ఆ కాస్త గౌరవం పోతుంది. అందుకని వదిన వద్దనలేదు, ఇంకొక పని తన నెత్తిన వేసుకుంది. డికాషన్ బయట కొననివ్వకుండా తనే తెల్లవారుజామున లేచి కాచేది. గిన్నెలో టీపొడి మరిగే వాసనతోనే ఆ నెలల్లో నాకు మెలకువ వచ్చేది. గాజుగ్లాసులో పోసి కిటికీ వెలుగుకు పట్టి రంగు చూసేది, కాస్త నీళ్ళు కలిపేది, మళ్ళీ చూసేది. చల్లార్చి రెండు ఫ్లాస్కుల్లో పంపేది. తెరమీద గొప్పగొప్పవాళ్ళు తాగి తూలిన మందంతా బోరబండ ఆడమనిషి కాచిన టీ అని అప్పుడు ఎవరికి తెలుసు? సాయంత్రం అన్నయ్య రాగానే వరండాలో నిలబెట్టి రెండు చేతులూ ముక్కు దగ్గరికి తీసుకునేది. సీసాలు వంపి వంపి చేతులు గుప్పుమనేవి. తర్వాత నోరు వాసన చూసేది. "చేతులు తాగినయ్, నోరు తాగలే. దా, బువ్వ తిను" అని నిమ్మచెక్కతో వేళ్ళ సందులు రుద్ది కడిగేది. నేను నీళ్ళు పోసేదాన్ని. పెళ్ళయిన కొత్తలో కూడా వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడటం నేను చూడలేదు.

వినాయకచవితి వెళ్ళి ఆరోరోజు. పందిళ్ళలో బొమ్మలు ఇంకా లేవలేదు, మైకులో పాటలు మోగుతున్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఆటో ఆగింది. అన్నయ్యతో పనిచేసే నర్సింగ్ అతన్ని భుజం పట్టుకుని దింపుతున్నాడు. అన్నయ్య ముఖం మిరపపండులా ఉంది, చొక్కా మీద వాంతి. ఇంకా దగ్గరికి రాకముందే వాసన వచ్చింది. అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"అమ్మా, గాయన తప్పేం లేదు. నేను జూసిన" అన్నాడు నర్సింగ్. తర్వాత అతను చెప్పినదీ, అన్నయ్య చెప్పినదీ కలిపితే జరిగింది ఇది. ఉదయం పోసిన డికాషన్ మధ్యాహ్నానికి లైట్ల వేడికి చేదెక్కుతుంది. అంతకుముందు ఒక నటుడు దాన్ని ఉమ్మేసి, టీయా కషాయమా అని అందరి ముందూ తిట్టాడు. అప్పటినుంచి అన్నయ్య గ్లాసు అందించే ముందు ఒక గుక్క రుచి చూసి, కావాలంటే చక్కెర నీళ్ళు కలిపేవాడు. ఆ రోజు సీనులో ఉన్న పెద్ద నటుడికి సెట్లో తాగకూడదని నిర్మాత గట్టిగా చెప్పాడు. నటుడి మనిషి భోజనాల వేళ సీసాలో డికాషన్ పారబోసి అసలు సరుకు పోసి పెట్టాడు. అందరి ముందూ తాగినా ఎవరికీ తెలియదని. అన్నయ్య వచ్చి, అలవాటుగా గుక్క నోట్లో పోసుకున్నాడు.

"ఉమ్మొచ్చు కదరా!" అంది అమ్మ. "నోట్లో పడగానే తెలుస్తుంది కదరా నీకు!"

"లైట్లు వేసేశారమ్మా. నిర్మాత గారు ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఉమ్మితే ఆ సీసాలో ఏముందో అందరికీ తెలిసిపోద్ది. అంత పెద్దాయన పరువు..." అంటూ మళ్ళీ వాంతి చేసుకున్నాడు. 

పెద్దాయన పరువు నిలిచింది. అన్నయ్య కక్కుకుంటూ కిందపడ్డప్పుడు, "వీడు మళ్ళీ మొదలెట్టాడా?" అని అందరికంటే ముందు అన్నది ఆయనేనట. బీరువా తాళాలు అక్కడికక్కడే తీసుకున్నారు.

వదిన అన్నయ్య నోరు కడిగి, తల ఒళ్ళో పెట్టుకుని, అమ్మ వైపు చూడకుండానే మాట్లాడింది. "అత్తమ్మా, తాగాలనుకున్నోడు గోలీ ఏసుకుంటడా? పొద్దుగాల నా కండ్ల ముంగట మింగిండు. గోలీ మింగిండు గాబట్టే గిట్లయింది. గిదే సాక్ష్యం."

అమ్మకు అర్థం కాక కాదు. ఆమె కొడుకును ఒక్క మాట కూడా తిట్టలేదు. కానీ ఆమె బేరం కొడుకుతో కాదు, అమ్మవారితో. ఏడాది చుక్క ముట్టకపోతే అని మాటిచ్చింది, చుక్క ముట్టాడు. మర్నాడు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పటం ముందు కూర్చుని ముడుపు దించింది. పళ్ళతో ముడి విప్పింది. పాత గుడ్డ పక్కన పడేసి, కొత్త గుడ్డ పసుపులో ముంచింది. గోడకు ఆనుకుని అన్నయ్య చూస్తున్నాడు.

"అయితే ఇప్పుడు నాది సున్నానా అమ్మా?"

"మళ్ళీ మొదలుపెడదాం నాన్నా. ఏముంది, ఏడాది ఇట్టే తిరిగొస్తుంది" అంది అమ్మ, ఎంతో ప్రేమగా.

నేను ఊరుకోలేకపోయాను. "సున్నా ఎలా అవుతుందమ్మా? పదకొండు నెలలు అయ్యాయి. సరిగ్గా దశమి నుంచి దశమికి."

"లెక్కల్లో తప్పినదానివి, నాకు చెప్పొచ్చావా?" అంది అమ్మ. రూపాయి పావలా కొత్త గుడ్డలో పెట్టి ముడి బిగించింది.

అన్నయ్య మరో వారం గోలీ వేసుకున్నాడు. ఒకరోజు పొద్దున వదిన చేతిలో గోలీ అలాగే ఉండిపోయింది. "రేపటినుంచి" అన్నాడు. వదిన బతిమాలింది, ఏడ్చింది, ఒకరోజు కొట్టింది కూడా. యూనిట్లో పనికి పిలవడం మానేశారు. ఎర్రగడ్డకు మళ్ళీ వెళ్దామంటే, "ఎన్ని నెలలున్నా ఒక్క గుక్కతో పోయేదానికి ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత పదిహేను నెలలు బతికాడు. గడియారం, ఫ్యాను, పట్టీలు పోయింది ఆ పదిహేను నెలల్లోనే. రెండో ముడుపు మేకు మీద వేలాడుతూ మసిబారింది. అన్నయ్యను తీసుకెళ్ళిన రోజున దాన్ని ఎవరు తీసి దాచారో నేను గమనించలేదు. అమ్మే అని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఆ రాళ్ళు లేవు. మేకలు మేసిన చోట అద్దాల మేడలు. గుడికి మేమెక్కిన కాలిబాట ఎటుపోయిందో కూడా చెప్పలేను. మా దుకాణానికి వచ్చే ఒక కుర్ర నటుడు తాగుడు మానేసి వారం వారం ఎక్కడో నలుగురితో కూర్చుని మాట్లాడి వస్తాడు. దాచుకోడు, నవ్వుతూ చెబుతాడు. జారితే ఏం చేస్తారు బాబూ అని అడిగాను. అక్కడ కూడా మళ్ళీ ఒకటి నుంచే లెక్కట. "కానీ ఆంటీ, ఒకటి అన్నా చప్పట్లు కొడతారు" అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు ఆ చప్పట్ల గురించి ఆలోచించాను. అమ్మ ముడుపు విప్పిన ఆ మర్నాడు మా ఇంట్లో ఎవరూ కొట్టలేదు.

వదిన ఆదివారం పొద్దున వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి, మెట్ల మీద రెండుసార్లు ఆగింది. బోరబండలో టీకొట్టు ఇప్పటికీ ఆమే నడుపుతోంది. సంచిలో ఫ్లాస్కు తెచ్చింది, నా చేతి టీ ఆమెకు నచ్చదు. ముడుపు చూపించాను. చేతిలోకి తీసుకోలేదు.

"గిది ఇంక దాసిందా అత్తమ్మ?"

"మొదటి మొక్కు తీర్చేద్దాం వదినా" అన్నాను. "ఏడాదికి నూటెనిమిది అంటే నెలకు తొమ్మిది. పదకొండు నెలలకు తొంభై తొమ్మిది. అమ్మవారు ఇచ్చినంతకు మనం ఇచ్చెయ్యాలి కదా."

"ఎవరిచ్చిండ్రు?" అంది వదిన. "తెల్లారకముందు లేసి డికాషన్ కాసింది నేను. గోలీ ఇచ్చింది నేను, మింగింది మీ అన్న. చేతులు కడిగింది నేను, నీళ్ళు పోసింది నువ్వు. అమ్మోరు ఒక్కపారన్న వచ్చి చెంబు అందుకున్నదా?"

"అయితే ఆ తొంభై తొమ్మిదీ నీకే రావాలి."

"తొంభై తొమ్మిది టెంకాయలు నేనేం జేస్కోను? టీతోని పాటు చట్నీ అమ్మనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఫ్లాస్కు మూతలో టీ పోసి, అలవాటు చొప్పున కిటికీ వెలుగుకు పట్టి రంగు చూసింది. తర్వాత తలెత్తకుండా అంది: "గా దినం నువ్వు పదకొండు అన్నవ్. నాకు యాదికున్నది. మీ అన్న గదే మాట శానా దినాలు అనుకున్నడు. తాగొచ్చినంక గూడ, పండుకునేటప్పుడు, 'భారతి పదకొండన్నది' అనేటోడు."

ఆమె వెళ్ళాక ముడుపు మళ్ళీ పెట్టెలో, చీరల కింద పెట్టాను. అమ్మ ఉంటే బాకీ ఏమీ లేదనేది, ఏడాది నిండలేదు కాబట్టి. వదిన వద్దంటుంది. అమ్మవారిని అడిగే దారి నాకు తెలియదు. ఎవరికి ఇవ్వాలో తేలకపోయినా, ఎంత ఇవ్వాలో ఎన్నిసార్లు వేసినా అదే వస్తోంది. నెలకు తొమ్మిది, పదకొండు నెలలు. తొంభై తొమ్మిది.